సౌర తుపాను తర్వాత శాటిలైట్ పాస్ ముందే ఎందుకు వస్తోంది? డ్రాగ్, ఎఫ్10.7, కేపీ, బీస్టార్ లెక్కలు

#1 రాత్రి_యాంటెన్నా

400 కి.మీ. ఎత్తున గుండ్రటి కక్ష్య. 3యూ క్యూబ్‌శాట్, బరువు 4 కిలోలు, గాలికి ఎదురయ్యే వైశాల్యం దాదాపు 0.03 చ.మీ. ఇంజిను లేదు. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో రెండు రోజుల పాత టీఎల్ఈ (కక్ష్య వివరాలు రెండు వరుసల్లో రాసిన డేటా)తో కూడా పాస్ టైము, అంటే శాటిలైట్ మన ఆకాశం దాటే టైము, సెకను లోపే సరిపోతుంది. కేపీ (భూమి అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా చూపే సూచీ) 7 దాటిన తుపాను వచ్చాక మాత్రం మూడో రోజుకి ఆరు సెకన్లు తప్పుతోంది. అదీ ఆలస్యం కాదు, ముందు.

సందేహాలు ఇవీ. గాలి రాపిడి అంటే బ్రేకే కదా, మరి శాటిలైట్ ముందెందుకు వస్తుంది? సౌరగాలి నేరుగా తోయడం వల్ల ఇలా అవుతోందా? ఎఫ్10.7 (సూర్యుడి చురుకుదనం చూపే రేడియో కొలత), కేపీ చూసుకుని ఈ ఆరు సెకన్లను ముందే పట్టుకోవచ్చా? ఇంకొకటి: ఎమ్‌సిస్ మోడల్ (పై వాతావరణ సాంద్రత లెక్కించేది, 00 వెర్షన్) నడిపితే తుపాను గంటల్లో సాంద్రత పెద్దగా కదిలినట్టు చూపించడం లేదు. కోడ్ తప్పా, మోడలే అంతా?

#2 ఘాతాంకం

మొదటిదానికి జవాబు. రాపిడి (డ్రాగ్) శక్తిని లాగేస్తుంది. శక్తి తగ్గితే కక్ష్య కిందికి దిగుతుంది. కింది కక్ష్యలో వేగం ఎక్కువ, తిరగాల్సిన దూరం తక్కువ. కాబట్టి చుట్టు త్వరగా పూర్తవుతుంది. డ్రాగ్ పెరిగిన శాటిలైట్ ఎప్పుడూ టైముకి ముందే హాజరవుతుంది.

అంకెలు వేద్దాం. గుండ్రటి కక్ష్యకి సూత్రం: దిగే వేగం = సాంద్రత × (సీడీ × వైశాల్యం ÷ బరువు) × వర్గమూలం (మ్యూ × కక్ష్యా వ్యాసార్ధం). సీడీ (డ్రాగ్ గుణకం) 2.2 తీసుకుంటే బ్రాకెట్లోది 0.0165 చ.మీ./కిలో. వ్యాసార్ధం 6,778 కి.మీ., మ్యూ (భూమి గురుత్వ స్థిరాంకం) 3.986×10¹⁴. వర్గమూలం విలువ 5.2×10¹⁰. సాంద్రత ఘనమీటరుకి 10⁻¹² కిలో అనుకుంటే సెకనుకి 0.86 మిల్లీమీటర్లు, అంటే రోజుకి 74 మీటర్లు దిగుతుంది.

ఇప్పుడు తుపాను వల్ల సాంద్రత రెట్టింపై, అలాగే నిలిచిందనుకోండి. టీఎల్ఈకి తెలియని అదనపు దిగుడు రోజుకి 74 మీటర్లు. దానివల్ల కక్ష్య వెంబడి ముందుకి జరిగే దూరం = 0.75 × కోణీయ వేగం (రోజుకి 97.8 రేడియన్లు) × 74 × రోజుల వర్గం. ఒక రోజుకి 5.4 కి.మీ. శాటిలైట్ సెకనుకి 7.67 కి.మీ. పోతుంది కనుక అది 0.7 సెకను. మూడు రోజులకి 49 కి.మీ., 6.4 సెకన్లు. మీ ఆరు సెకన్లు అక్కడివే. ఇలాగే వదిలేస్తే వారానికి 266 కి.మీ., దాదాపు 35 సెకన్లు.

మూడు రోజుల్లో ఎత్తులో వచ్చిన తేడా 222 మీటర్లే. వెంబడి తేడా 49 కిలోమీటర్లు. 'శాటిలైట్ కిందికి జారింది' అని అందరూ ఎత్తు చూస్తారు గానీ, పని చెడగొట్టేది ఈ రెండోది. పైగా ఇది రోజుల వర్గంతో పెరుగుతుంది: నిన్న సెకను తప్పితే ఇవాళ రెండు అనుకోకూడదు.

#3 వంకరగీత

రెండో సందేహం నాకు వదిలేయండి, ఈ అపోహ నెలకోసారి వస్తుంది.

ఒక చదరపు మీటరు పలక మీద పడే ఒత్తిడిని నానోపాస్కల్‌లలో పక్కపక్కన పెట్టి చూడండి. సౌరగాలిది మామూలు రోజుల్లో భూమి దగ్గర సుమారు 2. సూర్యకాంతిది 4,560. 400 కి.మీ. దగ్గర, ఘాతాంకం గారు తీసుకున్న సాంద్రతతోనే, గాలి డ్రాగ్‌ది సుమారు 65,000. తుపానులో సౌరగాలి ఒత్తిడి పది ఇరవై రెట్లు పెరిగినా ఈ లెక్కలో దుమ్ముతో సమానం. అసలు ఈ ఎత్తులో ఉన్న శాటిలైట్‌ని సౌరగాలి తాకదు కూడా, భూమి అయస్కాంత కవచం దాన్ని చాలా పైనే పక్కకి తిప్పేస్తుంది.

కాంతి ఒత్తిడి సంగతి: సూర్యుడి మొత్తం వెలుగు 11 ఏళ్ల చక్రంలో మారేది 0.1 శాతమే. కాబట్టి సూర్యుడు రెచ్చిపోతే కాంతి ఒత్తిడి పెరుగుతుందన్నదీ తప్పే. మారేదల్లా అతినీలలోహితం చివరన ఉండే ఈయూవీ, ఎక్స్‌కిరణాలు. మొత్తం వెలుగులో వాటి వాటా అతి స్వల్పం, కానీ చక్రం అడుగు నుంచి శిఖరానికి రెట్లలో మారతాయి. వాటిని పూర్తిగా మింగేది పై వాతావరణమే.

#4 ఘాతాంకం

అవును. వేడెక్కితే శాటిలైట్ ఎత్తులో గాలి ఎందుకు రెట్లలో చిక్కబడుతుందో కూడా చెప్పేస్తా, లేకపోతే నమ్మబుద్ధి కాదు.

200 నుంచి 500 కి.మీ. మధ్య ప్రధానంగా ఉండేది విడి ఆక్సిజన్ పరమాణువులు. ఎంత ఎత్తు పెరిగితే సాంద్రత 2.7వ వంతుకి పడిపోతుందో దాన్ని స్కేల్ హైట్ అంటారు. అది ఉష్ణోగ్రతకి అనులోమం. చక్రం అడుగున 700 కెల్విన్ దగ్గర ఆక్సిజన్‌కి అది 42 కి.మీ., చురుకైన రోజుల్లో 1,200 కెల్విన్ దగ్గర 72 కి.మీ.

200 కి.మీ. దగ్గర రెండు రోజుల్లోనూ సాంద్రత ఒకటే అనుకుని పైకి వెళ్దాం. 400కి చేరేసరికి చల్లటి రోజున 200 ÷ 42, అంటే 4.8 మెట్లు పడిపోయాం. వేడి రోజున 2.8 మెట్లే. తేడా దాదాపు ఏడు రెట్లు. 500 దగ్గర ఇదే లెక్క ఇరవై రెట్లకి పోతుంది. ఇది వేళ్లమీద లెక్కే, అసలు మోడళ్లలో ఉష్ణోగ్రత ఎత్తుతో మారుతుంది, హీలియం కలుస్తుంది. కానీ గుణపాఠం సరైనదే: 200 దగ్గర సూర్యుడి ప్రభావం తక్కువ, గాలే ఎక్కువ. 500–600 దగ్గర గాలి తక్కువ, సూర్యుడి వల్ల వచ్చే మార్పు ఎక్కువ.

#5 పగటిచుక్క

అడగకూడని ప్రశ్నేమో. ఎఫ్10.7 అంటే 10.7 సెం.మీ. రేడియో తరంగం కదా, అది నేరుగా నేలదాకా వచ్చేస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించని దాన్ని పట్టుకుని డ్రాగ్ ఎలా లెక్కిస్తారు?

#6 వంకరగీత

అడగాల్సిన ప్రశ్నే. అది కారణం కాదు, గుర్తు మాత్రమే. ఈయూవీ నేలకి చేరదు, కాబట్టి నేలమీంచి కొలవలేం. 2,800 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే రేడియో ప్రసారం ఈయూవీతో పాటే పెరిగి తగ్గుతుంది, మబ్బులున్నా కొలవొచ్చు. కెనడాలో 1947 నుంచి కొలుస్తున్నారు, ఇప్పుడు పెంటిక్టన్ దగ్గరి అబ్జర్వేటరీలో. రోజుకి మూడు కొలతలు, అందులో యూటీ (గ్రీన్‌విచ్ సమయం) 20 గంటలదే అందరూ వాడే అంకె. చక్రం అడుగున 65–70, శిఖరాన 200 పైన.

వాడేటప్పుడు కాళ్లకి అడ్డంపడే రాళ్లు కొన్ని ఉన్నాయి.

ఫైల్లో 'అబ్జర్వ్డ్', 'అడ్జస్టెడ్' అని రెండు కాలమ్‌లుంటాయి. రెండోది భూమి–సూర్యుడి సగటు దూరానికి సవరించినది. ఎమ్‌సిస్‌కి మొదటిదే ఇవ్వాలి, ఎందుకంటే మన వాతావరణం మీద పడేది ఉన్న దూరంలో పడేదే. తారుమారైతే జనవరిలో, జులైలో 3 శాతం చొప్పున ఎదురు దిక్కుల్లో తప్పు వస్తుంది. పెద్దది కాదు గానీ, ఎందుకొచ్చిందో తెలియక నెత్తి పట్టుకునే రకం.

మోడల్ రెండు విలువలు అడుగుతుంది: నిన్నటి రోజు విలువ, 81 రోజుల సగటు. 81 అంటే సూర్యుడు మూడు సార్లు తిరగడం, 27 × 3. ఆ సగటు ఇవాళ్టికి అటూ ఇటూ 40 రోజులు. అంటే రేపటి అంచనాకి కూడా రాబోయే 40 రోజుల విలువలు కావాలి! చాలామంది తెలియకుండానే గడిచిన 81 రోజుల సగటు పెట్టేస్తారు. చక్రం ఎక్కుతున్న కాలంలో అది తక్కువ చూపిస్తుంది, దిగుతున్నప్పుడు ఎక్కువ. 45 రోజుల ఎఫ్10.7, ఏపీ (కేపీనే సరళ కొలతలోకి మార్చిన సూచీ) అంచనాలు అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం సైట్లో రోజూ దొరుకుతాయి, ఆ సగం వాటితో నింపండి.

ఇంకోటి. సరిగ్గా కొలిచే సమయంలో ఫ్లేర్ రేగితే రేడియో బర్స్ట్ కలిసిపోయి ఆ రోజు అంకె ఎగిరిపోతుంది. ఈయూవీ అంతగా పెరిగి ఉండదు. ముందురోజు, తర్వాతిరోజు విలువలతో పోల్చకుండా అలాంటి అంకెని మోడల్లోకి తోయొద్దు.

#7 తెల్లవారుజాము_పాస్

ఎఫ్10.7 రోజుల మీద, నెలల మీద నడిచే కథ. రాత్రి_యాంటెన్నా గారి ఆరు సెకన్లు కేపీ కథ.

తుపానులో శక్తి దిగేది ధ్రువాల దగ్గర. అక్కడ అయనోస్ఫియర్లో పారే కరెంట్లు గాలిని హీటర్ తీగలా వేడెక్కిస్తాయి, పైనుంచి కణాలు కూడా కురుస్తాయి. ఆ వేడి అలలా భూమధ్యరేఖ వైపు పరుగెత్తి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే కేపీ ఎగిరిన క్షణానికీ డ్రాగ్ శిఖరానికీ మధ్య విరామం ఉంటుంది.

సూర్యుడి మీద ఫ్లేర్ కనపడగానే డ్రాగ్ పెరగదు. సీఎంఈ (సూర్యుడు విసిరే ప్లాస్మా) మేఘం రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు. వచ్చాక కూడా దానిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ దిక్కు ఖాయంగా తెలిసేది సూర్యుడి వైపు 15 లక్షల కి.మీ. దూరంలో ఎల్1 బిందువు దగ్గరున్న నౌకలకే, అంటే మన చేతిలో మిగిలేది గంట లోపు వ్యవధి. ముందే 'ఆరు సెకన్లు' అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కరోనల్ హోల్స్‌ని (సూర్యుడి పై పొరలో సౌరగాలి వేగంగా బయటపడే రంధ్రాలని) మాత్రం చులకన చేయొద్దు. వాటి నుంచి వచ్చే వేగపు సౌరగాలి కేపీని 5 దాటించదేమో, కానీ రోజుల తరబడి ఊదుతుంది. మొత్తం పోసిన వేడి చూస్తే ఒక పెద్ద తుపానుకి దీటుగా రావొచ్చు. దానిలో సుగుణం ఏమిటంటే 27 రోజులకి మళ్లీ అదే రంధ్రం ఎదురుగా వస్తుంది, క్యాలెండర్లో రాసిపెట్టుకోవచ్చు.

#8 ఘాతాంకం

కేపీ దగ్గర ఒక పాపం తరచూ జరుగుతుంది: సగటు తీయడం. కేపీ లాగరిథమ్ లాంటి కొలత, కూడి భాగించకూడదు. ఏపీకి మార్చి అప్పుడు సగటు తీయాలి. కేపీ 2 అంటే ఏపీ 7, 5 అంటే 48, 7 అంటే 132, 8 అంటే 207, 9 అంటే 400.

ఒక రోజులో నాలుగు మూడు గంటల గడులు కేపీ 8, మిగతా నాలుగూ కేపీ 2 అనుకోండి. కేపీ సగటు 5, దాన్ని ఏపీ చేస్తే 48. సరైన దారిలో వెళ్తే (4×207 + 4×7) ÷ 8 = 107. సగం తుపాను మాయమైపోయింది, ఒక్క ఎక్సెల్ గడిలో.

#9 సున్నా_డాప్లర్

టీఎల్ఈ వైపు నుంచి చెప్తాను. ఎస్‌జీపీ4 (టీఎల్ఈ నుంచి పాస్ లెక్కించే ప్రోగ్రాం) లోపల ఉన్న గాలి ఎప్పటికీ మారని గాలి. దానికి ఎఫ్10.7 తెలీదు, కేపీ తెలీదు. సూర్యుడి చేష్టలన్నీ బీస్టార్ అనే ఒక్క అంకెలో కుక్కుతారు. కాబట్టి బీస్టార్ శాటిలైట్ లక్షణం కాదు, గత కొన్ని రోజుల గాలీ శాటిలైటూ కలిసిన మిశ్రమం.

మొదటి వరుసలో 54 నుంచి 61 గడులు బీస్టార్. '12345-3' అని ఉంటే 0.12345×10⁻³ అని చదవాలి, దశాంశ బిందువు కనిపించదు. దాన్ని 12.74తో గుణిస్తే సీడీ × వైశాల్యం ÷ బరువు వస్తుంది. ఈ క్యూబ్‌శాట్‌కి 0.0165 కాబట్టి పుస్తకం ప్రకారం బీస్టార్ 0.0013 దగ్గర ఉండాలి. ఉండదు. చురుకైన నెలల్లో దానికి పైన, మందకొడి నెలల్లో చాలా కింద కనపడుతుంది. తేడానే సూర్యుడు. ఒక్కోసారి మైనస్ కూడా వస్తుంది, అది ఫిట్టింగ్ చెడిన గుర్తు, శాటిలైట్ పైకి ఎక్కుతోందని కాదు.

అసలు దిగుడు తెలుసుకోవాలంటే బీస్టార్ కంటే మీన్ మోషన్ మంచిది: రెండో వరుసలో 53 నుంచి 63 గడులు. వరస టీఎల్ఈలు తీసుకుని తేడా చూడండి. 400 కి.మీ. దగ్గర రోజుకి చుట్లు 0.001 పెరిగితే ఎత్తు 290 మీటర్లు తగ్గినట్టు. రోజుకి 74 మీటర్ల దిగుడు అంటే మీన్ మోషన్ రోజుకి 0.000255 చొప్పున పెరగాలి. మొదటి వరుసలో 34–43 గడుల్లో మాత్రం 0.000127 కనపడుతుంది, ఎందుకంటే అక్కడ రాసేది సగం విలువ. ఈ సగం తెలియక లెక్క రెండింతలు తప్పిన పోస్టులు ఈ వేదికలోనే ఉన్నాయి.

తుపాను సమయంలో చేయాల్సినవి:

– టీఎల్ఈ వయసు చూడండి. దాని ఎపోక్ (ఆ కక్ష్య వివరాలు ఏ క్షణానివో ఆ టైము) తుపానుకి ముందుదైతే పక్కన పెట్టండి. డౌన్‌లోడ్ చేసిన టైము కాదు, లోపల రాసి ఉన్న ఎపోక్ ముఖ్యం.

– పాస్ దొరికినప్పుడు బీకన్ డాప్లర్ (శాటిలైట్ దగ్గరికొచ్చి దూరమవడం వల్ల సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) ఎప్పుడు సున్నా దాటిందో రాసుకోండి. లెక్క చెప్పిన టైముకీ దానికీ తేడాయే మీ సొంత కొలత. రెండు మూడు పాస్‌లవి ఉంటే వర్గ సమీకరణం గీసి తర్వాతి పాస్‌కి ఆఫ్‌సెట్ పెట్టండి. సరళరేఖ గీస్తే వెనకబడతారు.

– 437 మెగాహెర్ట్జ్‌లో నెత్తిమీదుగా వెళ్లే పాస్‌కి మధ్యలో డాప్లర్ సెకనుకి 200 హెర్ట్జ్ దాకా మారుతుంది. ఆరు సెకన్ల తప్పు అంటే 1.2 కిలోహెర్ట్జ్ పైనే. యాంటెన్నా గురి ఆరేడు డిగ్రీలు తప్పుతుంది. వెడల్పుగా చూసే యాగీ యాంటెన్నాకి పట్టింపు లేదు, ఎస్‌బ్యాండ్ డిష్ అయితే సిగ్నల్ పోయినట్టే.

#10 రాత్రి_యాంటెన్నా

తుపాను తగ్గిన తర్వాత కొత్త టీఎల్ఈ వేస్తే ఈసారి శాటిలైట్ ఆలస్యంగా వస్తోంది. ఇదెక్కడి గోల?

#11 సున్నా_డాప్లర్

కొత్త టీఎల్ఈలో బీస్టార్ తుపాను రోజుల గాలితో ఉబ్బింది. గాలి మాత్రం చల్లబడిపోయింది. లేని డ్రాగ్‌ని ఎస్‌జీపీ4 ముందుకి లాక్కుపోతోంది.

దీనికి తోడు నైట్రిక్ ఆక్సైడ్ ఉంది. తుపానులో అది విపరీతంగా తయారై 5.3 మైక్రాన్ పరారుణ కిరణాలుగా వేడిని బయటికి పోసేస్తుంది. తుపాను ఆగినా అది వెంటనే పోదు. కాబట్టి ఒకటి రెండు రోజులు గాలి తుపానుకి ముందున్న దానికన్నా పలచబడటం కూడా జరుగుతుంది. మోడళ్లు తడబడేది ఎక్కువగా ఈ దిగుడు దశలోనే.

#12 మూడోదశ

పాత సంగతులు చూస్తే ఎక్కడెక్కడ తప్పుతారో తెలుస్తుంది.

స్కైల్యాబ్‌ని 1973లో పంపారు. ఎనభైల మొదటిదాకా ఉంటుంది, ఈలోగా షటిల్ వెళ్లి పైకి నెడుతుంది అనుకున్నారు. 21వ చక్రం అంచనా కంటే బలంగా వచ్చింది, షటిల్ ఆలస్యమైంది, 1979 జులై 11న పడిపోయింది. ముక్కలు కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ దగ్గర దొరికాయి. సూర్యుడి శిఖర దశని చదవడానికే 1980లో పంపిన సోలార్ మాక్సిమమ్ మిషన్ కూడా తర్వాతి చక్రం ఉబ్బించిన గాలిలో చిక్కి 1989 డిసెంబరులో కాలిపోయింది. చదువుతున్న వస్తువే మింగేసింది.

నాకు వీటికంటే ముఖ్యం అనిపించేది జపాన్ ఎక్స్‌కిరణ ఉపగ్రహం ఆస్కా. 2000 జులై తుపానులో అది పడిపోలేదు, అదుపు తప్పింది. గాలి తోసే కేంద్రం, బరువు కేంద్రం ఒకే చోట లేకపోతే డ్రాగ్ మెలితిప్పుతుంది. చిక్కబడిన గాలి మెలికని రియాక్షన్ వీల్స్ (శాటిలైట్ దిశని నిలిపే చక్రాలు) తట్టుకోలేకపోయాయి, ప్యానెళ్లు సూర్యుడి నుంచి తిరిగిపోయాయి, బ్యాటరీ ఖాళీ. 2001 మార్చిలో వాతావరణంలోకి వచ్చేసింది. డ్రాగ్ అంటే కక్ష్య ఒక్కటే చూసేవాళ్లు ఈ టార్క్ లెక్క మరిచిపోతారు.

2022 ఫిబ్రవరి 3న 49 స్టార్‌లింక్‌లు వెళ్లి 38 పోయాయి కదా. దాన్ని 'భీకర సౌర తుపాను' అని రాశారు. కాదు. అది జీ1–జీ2 స్థాయి (జీ5 అన్నిటికంటే తీవ్రం), చాలా సాధారణం. మునుపటి ప్రయోగాలతో పోలిస్తే డ్రాగ్ 50 శాతం దాకా పెరిగింది, అంతే. చంపింది 210 కి.మీ. పెరిజీ (కక్ష్యలో భూమికి అతి దగ్గరి చోటు). అక్కడ గాలే అంత చిక్కగా ఉంటుంది, 50 శాతం అంటే థ్రస్టర్ గెలుపు ఓటముల మధ్య గీత. కాగితాన్ని అంచుమీద పెట్టినట్టు పలకల్ని గాలికి వాలుగా తిప్పి సేఫ్ మోడ్‌లో ఉంచారు, డ్రాగ్ వల్ల అందులోంచి బయటికి వచ్చి పైకి ఎక్కడం మొదలుపెట్టలేకపోయాయి.

#13 వంకరగీత

> చంపింది 210 కి.మీ. పెరిజీ

సగం ఒప్పుకుంటా. తక్కువ ఎత్తులో వదలడం తెలిసి చేసిన పనే: పుట్టుకతో చెడిపోయిన శాటిలైట్ చెత్తగా మిగలకుండా త్వరగా కాలిపోతుంది. తప్పంతా ఎత్తుది కాదు, ప్రయోగం రోజున తుపాను మార్జిన్ ఎంత పెట్టుకున్నారన్నది.

#14 మూడోదశ

సరే, మార్జిన్ అనే అందాం. ఆ ఎత్తులో పెట్టుకోగల మార్జిన్ ఎంత అన్నదే నా వాదన.

#15 తెల్లవారుజాము_పాస్

ఢీకొనే హెచ్చరికల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2024 మే 10–11 తుపాను జీ5, 2003 అక్టోబరు తర్వాత మళ్లీ అదే. ఆ రెండు రోజుల్లో కింది కక్ష్యల్లో ఉన్న ప్రతిదీ ఒకేసారి లెక్క తప్పింది, చెత్త ముక్కలతో సహా. స్టార్‌లింక్ లాంటి పెద్ద గుంపులు తమంతట తామే ఎత్తు సరిచేసుకోవడానికి వేల సంఖ్యలో ఇంజిన్లు వెలిగించాయి.

అప్పుడు వచ్చిన హెచ్చరికలో 'కనీస దూరం 300 మీటర్లు' అని ఉన్నా, దాని వెంబడి అనిశ్చితి కిలోమీటర్లలో ఉంటే ఆ 300కి అర్థం లేదు. సంభావ్యత తక్కువ కనపడటం కూడా మోసమే: అనిశ్చితి మరీ ఉబ్బితే సంభావ్యత అంకె తగ్గిపోతుంది, ప్రమాదం తగ్గదు. కోవేరియన్స్ (ఆ అనిశ్చితి అంకెలు) చూడకుండా ఊపిరి పీల్చుకోవద్దు. మీ దగ్గర ఆన్‌బోర్డ్ జీపీఎస్ ఉంటే అవతలి వాళ్లకి తాజా ఎఫెమెరిస్ (ఏ టైముకి ఎక్కడుంటారో చెప్పే పట్టిక) పంపండి, కానీ సింగిల్ ఫ్రీక్వెన్సీ రిసీవర్ అయితే అయనోస్ఫియర్ వల్ల దాని పొజిషన్ కూడా ఆ గంటల్లో వణుకుతుంది.

#16 పగటిచుక్క

ఇంధనం ఉన్న శాటిలైట్‌కి ఎంత పెట్టుకోవాలి? ఆయుర్దాయం లెక్కకి ఏ చక్రం వాడాలి?

#17 ఘాతాంకం

400 కి.మీ. దగ్గర పోయిన ప్రతి మీటరు తిరిగి రావాలంటే సెకనుకి 0.00057 మీటర్ల డెల్టా వీ (ఇంజిను ఇవ్వాల్సిన వేగ మార్పు). రోజుకి 74 మీటర్లు అంటే ఏడాదికి సెకనుకి 15 మీటర్లు. సాంద్రత 5×10⁻¹² అయిన ఏడాదిలో అదే 76. ఎత్తు పెంచితే ఎంత ఆదా అవుతుందో ఐఎస్‌ఎస్‌ని చూడండి: 350 కి.మీ. నుంచి 400కి మార్చాక ఏడాది ఇంధనం దాదాపు 8,600 కిలోల నుంచి 3,600కి దిగొచ్చని నాసా లెక్క.

ఆయుర్దాయానికి సగటు ఎఫ్10.7 ఒకటి పెట్టి నడపడం పనికిరాదు. సాంద్రత ఎఫ్10.7తో వంపుగా పెరుగుతుంది, సగటు గాలి వేరు, సగటు ఎఫ్10.7కి వచ్చే గాలి వేరు. చక్రం ఆకారం మొత్తం ఇవ్వాలి, ప్రయోగం తేదీని ఆర్నెల్ల చొప్పున జరిపి మళ్లీ మళ్లీ నడపాలి. 500 కి.మీ. దగ్గర అదే డబ్బా చక్రం అడుగున రోజుకి 7–8 మీటర్లు దిగుతుంది, శిఖరాన 75 దాకా. శిఖరం దాటిపోయాక వదిలితే తర్వాతి శిఖరం కోసం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. మిషన్ ముగిశాక ఐదేళ్లలో దించాలన్న అమెరికా ఎఫ్‌సీసీ నియమం ఉన్నవాళ్లకి ఇది గట్టిగా తగులుతుంది.

చక్రం అంచనాల మీద మరీ భరోసా వద్దు. 25వ చక్రానికి సూర్యమచ్చల సంఖ్య శిఖరం 115 అన్నారు, 2024 అక్టోబరులో 160 దాటింది. 2008–09లో తిరగబడింది: గాలి మోడళ్లు చెప్పిన దానికన్నా పావు వంతు పైనే పలచగా ఉంది. పై వాతావరణాన్ని కార్బన్ డయాక్సైడ్ చల్లబరుస్తోంది కనుక దీర్ఘకాలంలో కూడా పలచబడుతూనే ఉంది. నేల దగ్గర వేడి, పైన చలి.

#18 రాత్రి_యాంటెన్నా

వైశాల్యం 0.03 అని వేశాను, కానీ డబ్బా నెమ్మదిగా దొర్లుతోంది. సరిచేయాలా? ఎమ్‌సిస్ సందేహం కూడా ఇంకా అలాగే ఉంది.

#19 సున్నా_డాప్లర్

దొర్లే డబ్బాకి సులువైన నియమం ఉంది, ఉబ్బుగా ఉన్న ఏ ఆకారానికైనా: సగటు ఎదురు వైశాల్యం = మొత్తం ఉపరితలం ÷ 4. 10×10×34 సెం.మీ. డబ్బాకి ఉపరితలం 0.156, నాలుగో వంతు 0.039 చ.మీ. మీ 0.03 కంటే 30 శాతం ఎక్కువ. ముక్కు ముందుకి పెట్టి ఎగిరితే 0.01 మాత్రమే. విప్పిన ప్యానెళ్లుంటే ఈ నియమం పనిచేయదు, ఒకదాన్ని ఒకటి కప్పేస్తాయి.

అంటే తుపాను లేకుండానే, దొర్లడం ఆగి నిలబడితే చాలు, డ్రాగ్ నాలుగింతలు మారగలదు. బీస్టార్ మారినప్పుడల్లా సూర్యుడిని తిట్టకండి. పక్కనే ఎగిరే ఇంకో శాటిలైట్ బీస్టార్ కూడా అదే రోజు పెరిగిందా చూడండి. రెండూ పెరిగితే గాలి, ఒకటే పెరిగితే డబ్బా. ప్లానెట్ వాళ్ల డవ్ శాటిలైట్లు ఈ తేడానే వాడుకుని, కొన్నిటిని గాలికి అడ్డంగా తిప్పి, ఇంధనం లేకుండా వరసలో దూరాలు సర్దుకుంటాయి.

#20 ఘాతాంకం

ఎమ్‌సిస్ గురించి: ఏపీ అర్రేలో ఏడు విలువలు ఇస్తున్నారా? రోజు సగటు, ఇప్పటి మూడు గంటలది, 3, 6, 9 గంటల కిందటివి, 12–33 గంటల కిందటి సగటు, 36–57 గంటల కిందటి సగటు. ఇచ్చినా స్విచ్ 9 విలువ 1గా ఉంటే మోడల్ మొదటిది ఒక్కటే చదివి మిగతా ఆరూ పక్కన పెడుతుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు.

#21 రాత్రి_యాంటెన్నా

ఏడూ ఇస్తున్నాను. స్విచ్ 9లో 1 ఉంది.

#22 ఘాతాంకం

దాన్ని −1 చేసి, వైశాల్యం 0.039తో మళ్లీ నడపండి. ఏపీలు యూటీ గడుల్లోనే ఉన్నాయో లేదో కూడా ఓసారి చూసుకోండి.